కొండకింద హోటళ్లు, మన ఏటి నీళ్లు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా పాకాలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు నకారా తీర్పు రోజు. 1982లో సుప్రీంకోర్టు పెన్షన్ ఎవరి దయాధర్మమూ కాదని తేల్చిచెప్పిన ఈ రోజున ప్రతి ఏటా డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించి, లైఫ్ సర్టిఫికెట్ గురించి మాట్లాడుకుంటాం. వాటి మీద నాకంటే తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "ఏదైనా ఒక ప్రజా సమస్య మీద పది నిమిషాలు మాట్లాడన్నా" అన్నారు. పది నిమిషాలు కాస్త అటూ ఇటూ అయితే సర్దుకోవాలి. రైల్వేలో పనిచేసినవాడిని, ఆలస్యం మాకు అలవాటే.

నేను మాట్లాడదలచుకున్నది తిరుపతిలో, ముఖ్యంగా అలిపిరి నుంచి పేరూరు వైపు కొండవాలులో వచ్చే పెద్ద హోటళ్ల సంగతి. "తిరుపతి హోటళ్లతో పాకాల పెన్షనర్లకు పనేముందప్పా?" అని ముందు వరుసలో ఎవరో అన్నారు, నాకు వినపడింది. పని ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మనం తిరుపతి జిల్లా వాళ్లం. అలవాటు పోక కొందరం పనిబడితే ఇంకా చిత్తూరు బస్సే ఎక్కుతున్నాం, అది వేరే మాట. అంతకంటే ముఖ్యమైనది స్వర్ణముఖి. ఆ ఏరు పుట్టేది మన పాకాల దగ్గరే. ఇక్కడినుంచి చంద్రగిరి మీదుగా, తిరుపతి అంచును తాకుతూ, తిరుచానూరు దాటి, శ్రీకాళహస్తి గుడి పక్కనుంచి సముద్రానికి పోతుంది. కింద ఊళ్లో నీళ్లు చాలనప్పుడు పైనున్నవాళ్ల బావుల మీదికి, బోర్ల మీదికి చూపు మళ్లుతుంది. ట్యాంకర్ల వ్యాపారం చూసినవాళ్లకు ఇది నేను చెప్పనక్కర్లేదు.

నేను 1978లో ఉద్యోగంలో చేరాను. చాలాకాలం ఇదే పాకాల జంక్షన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చున్నాను. మీటర్ గేజ్ రోజులు. ధర్మవరం వైపునుంచి, మదనపల్లె రోడ్డు నుంచి, పీలేరు నుంచి వచ్చే యాత్రికులు ఇక్కడ దిగి తిరుపతి బండి పట్టుకునేవారు. పసుపు గుడ్డలో ముడుపు, ఒక సద్దిమూట, చంకలో పిల్ల, అంతే సామాను. "సామీ, తిరప్తికి మూడున్నర టికెట్లు" అనేవారు. వాళ్లలో హోటలు గది గురించి అడిగినవాడు నాకు ఒక్కడూ గుర్తులేడు. సత్రం ఉంది, లేకపోతే స్టేషను ప్లాట్‌ఫారం ఉంది, అదీ కాకపోతే చెట్టుకింద. తిరుగు ప్రయాణంలో నున్నటి గుండ్లతో, చేతిలో ప్రసాదంతో దిగి, బండి కోసం మన స్టేషన్లోనే పడుకునేవారు. గుండ్ల మీద చందనం వాసన వెయిటింగ్ హాలంతా వచ్చేది. తిరుపతి యాత్ర అంటే ఎక్కువమందికి అదే. ఇప్పుడు కారుల్లో వచ్చేవాళ్లు పెరిగారు, విమానంలో రేణిగుంటలో దిగేవాళ్లూ పెరిగారు. కాని ఆ సద్దిమూటవాళ్లు పోలేదు. సాధారణ బోగీ ఎక్కి చూడండి, అందరూ అక్కడే ఉన్నారు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. తిరుమల కొండమీద ఏడు వేలకు పైగా గదులున్నాయి. రోజుకు స్వామి దర్శనం అయ్యేది సుమారు 60 వేలమంది నుంచి 80 వేలమంది వరకు. మిగిలినవాళ్లు కింద తిరుపతిలో బస చేయాల్సిందే. కాబట్టి కింద బస కావాలి, హోటళ్లే వద్దనేవాడిని నేను కాను. భీమాస్ లాంటి పాత హోటళ్లు, బస్టాండు దగ్గరి శ్రీనివాసం, స్టేషను ఎదుటి విష్ణునివాసం లేకపోతే యాత్రికులు ఏమైపోతారు? నా ప్రశ్న వేరు. గదులు పెరిగితే దర్శనం పెరుగుతుందా? గర్భగుడి ఒకటే, బంగారు వాకిలి ఒకటే, రోజుకు గంటలు ఇరవై నాలుగే, అందులో స్వామికి జరగాల్సిన సేవలు, ఏకాంతం పోను మిగిలిన సమయమే మనది. మహాలఘు దర్శనం పెట్టి, మనిషిని రెప్పపాటు కూడా నిలవనీయకుండా నెట్టినా లెక్క ఒకచోట ఆగిపోతుంది. కింద ఇంకో పదివేల గదులు కట్టినంత మాత్రాన పైన ఇంకో వాకిలి తెరుచుకోదు. ఎక్కువ గదులంటే ఎక్కువసేపు క్యూ, ఎక్కువ కార్లు, ఎక్కువ నీళ్లు, ఎక్కువ చెత్త.

ఈ మాట నాకు మొదట తట్టింది ఇక్కడ కాదు, అమెరికాలో. నవ్వకండి, చెబుతాను. మా అమ్మాయి వాళ్లు ఫ్లోరిడాలో ఉంటారు. 2017లో నన్నూ మా ఇంటావిడనూ తీసుకుపోయి, ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ చూపించారు. పిల్లల తిరుమల అనుకోండి. అక్కడా క్యూలు, అక్కడా డబ్బు పెడితే వేరే లైను. దాని కథ తర్వాత చదివాను. వాల్ట్ డిస్నీ 1955లో కాలిఫోర్నియాలో మొదటి పార్కు కట్టినప్పుడు చేతిలో కాస్త స్థలమే ఉండింది. ఏడాది రెండేళ్లలో దాని చుట్టూ లాడ్జీలు, తినుబండారాల దుకాణాలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆయనకు అది కంటగింపైంది. అందుకని ఫ్లోరిడాలో మరో పార్కు కట్టాలనుకున్నప్పుడు, 1960లలో, బినామీ కంపెనీల పేర్లతో గుట్టుచప్పుడు కాకుండా 27 వేల ఎకరాలు కొన్నాడు. చుట్టూ ఎవడూ లాడ్జి కట్టకూడదని! 1971 అక్టోబరు 1న రెండు పెద్ద హోటళ్లతో తెరిచారు. ఆయన అప్పటికి పోయారు. ఇప్పుడు ఆ ఆవరణలో ఆ కంపెనీవే ఇరవై ఐదుకు పైగా హోటళ్లు. ఎవరు లాడ్జీలు కడతారోనని భయపడ్డాడో, వాళ్లకంటే ఎక్కువ సొంత కంపెనీయే కట్టింది. అక్కడ నాలుగో పార్కు 1998లో తెరిచారు, ఆ తర్వాత కొత్త పార్కు తెరవలేదు. హోటళ్లు మాత్రం ఆగలేదు. 2024 డిసెంబరులో పాత హోటలు పక్కనే ఇంకో పెద్ద టవరు తెరిచారు. ఏటేటా పోయే అక్కడివాళ్లే, గదులు పెంచుతారు గాని ఆడుకునే చోటు పెంచరు అని సణుక్కుంటారు. వాళ్లైనా రేపు కావాలంటే ఇంకో పార్కు కట్టుకోగలరు, స్థలం ఉంది. మనం ఇంకో ఏడుకొండలు కట్టుకోగలమా?

ఇక మన దగ్గరి వ్యవహారం. అలిపిరి దగ్గర దేవలోక్ అనే పర్యాటక ప్రాజెక్టు కోసం ఉంచిన భూమిలో 20 ఎకరాలను 2021లో ఒబెరాయ్ గ్రూపు వారి ముంతాజ్ హోటల్స్‌కు కేటాయించారు. అయిదు నక్షత్రాల హోటలు. దాని మీద స్వాములు, సాధువులు ఆందోళన చేశారు, నిరాహారదీక్షలు చేశారు. 2024 నవంబరు 18న టి.టి.డి. పాలకమండలి ఆ కేటాయింపు రద్దు చేయమని ప్రభుత్వాన్ని కోరుతూ తీర్మానించింది. 2025 మార్చి 21న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు తిరుమలలోనే, ఏడుకొండలను ఆనుకొని వాణిజ్య కార్యకలాపాలు ఉండరాదని, ముంతాజ్ హోటలుతో సహా 35.32 ఎకరాల కేటాయింపులు రద్దు చేస్తున్నామని ప్రకటించారు. చాలామంది సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ తర్వాత అదే ఏడాది, కొండవైపు భూమి దేవస్థానానికి, రోడ్డుకు ఇవతలి దేవస్థానం భూమి పర్యాటక శాఖకు మార్చుకొనే ఏర్పాటు వచ్చింది. దానిమీద మళ్లీ రాజకీయ పక్షాల మధ్య వాదోపవాదాలు. ఆ వాదాల్లోకి నేను పోను, మన సంఘానికి పార్టీలతో పనిలేదు.

నన్ను బాధపెట్టినది ఒకటే. ఇన్నాళ్లు ఇంత గొడవ జరిగితే, ఎక్కువగా వినిపించినవి హోటలు పేరు, అందులో వడ్డించే తిండి, మందు. స్వామి పాదాల చెంత ఆ అభ్యంతరాలు సహజమే, కాదనను. కాని రేపు అదే స్థలంలో పేరు మార్చి, శాకాహారం మాత్రమే వడ్డించి, గోడలకు దశావతారాలు చెక్కించి అంతే పెద్ద హోటలు కడితే మనకు అభ్యంతరం ఉండదా? ఆ హోటలు తాగే నీళ్లు తగ్గుతాయా? కొండమీద పడిన వాన దిగే దారికి అడ్డం తొలుగుతుందా? రోడ్డుకు ఆ పక్కనుంచి ఈ పక్కకు జరిగితే వాగుకు తెలుస్తుందా?

నీళ్ల లెక్క చెబుతాను, దయచేసి వినండి. కేంద్ర ప్రభుత్వం వారి నీటి సరఫరా మాన్యువల్ ప్రకారం భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు. హోటలైతే మంచానికి 180 లీటర్లు. జల్ జీవన్ మిషన్ కింద మన పల్లెల్లో మనిషికి రోజుకు ఇస్తామన్నది 55 లీటర్లు, అదీ కుళాయి తిప్పినప్పుడు వస్తే. అంటే హోటల్లో ఒక మంచానికి పట్టే నీళ్లు పల్లెలో ముగ్గురికి సరిపోయేవి. అయిదు నక్షత్రాల హోటల్లో మంచమొక్కటే ఉండదు. ఈత కొలను ఉంటుంది, పచ్చిక ఉంటుంది, రోజూ ఉతకాల్సిన దుప్పట్లు, తువ్వాళ్లు ఉంటాయి.

తిరుపతికి నీళ్లు ఎక్కడివి? 1970లలో రంగంపేట దగ్గర కట్టిన కల్యాణి డ్యాం, ఆ తర్వాత తెలుగుగంగ నీళ్లు. కల్యాణి నీళ్లు తిరుమల కొండమీదికి కూడా పంపు చేస్తారు. కల్యాణి వాగు స్వర్ణముఖిలో కలిసేదే. కొండమీద గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార ఇన్ని జలాశయాలు ఉండి కూడా కిందినుంచి నీళ్లు ఎక్కించాల్సి వస్తోంది. 2011 జనాభా లెక్కల్లోనే తిరుపతి నగరం 2 లక్షల 87 వేలు. రోజూ వచ్చే యాత్రికులు దానికి అదనం. వానలు తప్పిన ఏడాది డ్యాం అడుగు కనిపిస్తుంది. నేను ఇల్లు కట్టుకున్నప్పుడు మా వీధిలో 120 అడుగులకు నీళ్లు పడ్డాయి. మొన్న మా పక్కింటాయన 900 అడుగులు వేసి, దుమ్ము చూసి, బోరు బండివాడికి డబ్బిచ్చి పంపాడు.

నీళ్లు లేని కరువు ఒకటైతే, నీళ్లు ఎక్కువైన కరువు ఇంకొకటి. 2021 నవంబరు 18, 19 తేదీలు మీ అందరికీ జ్ఞాపకమే. కొండమీద పడిన వాన అంతా ఒక్కసారిగా తిరుపతి మీదికి దిగింది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి. చంద్రగిరి వైపునుంచి మనవాళ్లు నడిచిపోయే శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, బాగుచేసి తిరిగి తెరిచేసరికి 2022 మే అయింది. తిరుచానూరు దగ్గర ఒక ఇల్లు ఉన్నపళాన స్వర్ణముఖిలోకి ఒరిగిపోవడం టీవీలో అందరం చూశాం. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ నాలుగు రోజులు మా బంధువులు ఇక్కడ మా ఇంట్లోనే తలదాచుకున్నారు. వాన కొత్తది కాదు. కొండవాలులో దిగే నీళ్లకు చెరువులు, కాలువలు, వంకలు అని మన పెద్దలు ఒక గొలుసు కట్టి పెట్టారు. తిరుపతి చుట్టూ అవిలాల, పేరూరు, తుమ్మలగుంట అన్నీ చెరువు పేర్లే కదా. ఆ గొలుసులో ఎక్కడికక్కడ కాంక్రీటు పోస్తే నీళ్లు ఇళ్లలోకి రాక ఎక్కడికి పోతాయి? వాగు ఒడ్డున వేసిన పునాది ఎవరిదన్నది నీళ్లు అడగవు. లాడ్జీ అయినా, గుడి తాలూకు కట్టడమైనా, పేదవాడి రేకుల ఇల్లయినా ఒకటే.

మా మిత్రుడొకరు, రెవెన్యూలో చేసి రిటైరైనవారు, నిన్న నాతో వాదించారు. "హోటళ్లు వస్తే మన పిల్లలకు ఉద్యోగాలొస్తాయి, దామలచెరువు మామిడికాయలకు, మన పాలకు, కూరగాయలకు గిరాకీ వస్తుంది, నువ్వు అడ్డం పడతావేంది?" అన్నారు. సబబైన మాటే. 2024లో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, రాయితీలూ ఇస్తోంది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన పిల్లలు మన వీధుల్లోనూ ఉన్నారు. వాళ్లు బెంగుళూరు, మద్రాసు పోకుండా ఇంటి దగ్గరే పనిచేస్తే అందరికంటే ఎక్కువ సంతోషించేది ముసలి తల్లిదండ్రులమైన మనమే. అయితే నేను ఆయన్ను ఒకటే అడిగాను. ఆ హోటలు పాకాలలోనో పీలేరులోనో వస్తే ఆ ఉద్యోగం రాదా? అలిపిరిలోనే ఎందుకు? ధర్మవరం లైను మీద, కాట్పాడి లైను మీద బండ్లున్నాయి. నలభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. రెండు బండ్లు అదనంగా వేస్తే యాత్రికుడు ఇక్కడ బస చేసి పొద్దున్నే పోయిరాలేడా? ఆయన ఇంకా జవాబు చెప్పలేదు, ఈ సభలోనే ఉన్నారు.

ఇంకో సంగతి. పెద్ద హోటళ్లు వచ్చేకొద్దీ చిన్న బస ధర కూడా పైకి లేస్తుంది. 2023 జనవరిలో తిరుమల నారాయణగిరి అతిథిగృహాల్లో 150 రూపాయల గదికి 1,700 చేసినప్పుడు ఎంత రభస అయిందో చూశారు. 50, 100 రూపాయల గదులు అలాగే ఉంచామన్నారు, మంచిదే. అవి దొరకాలి కదా! 2024లో పండగ రోజుల్లో తిరుపతిలో ఒక లాడ్జీలో, పేరెందుకు లెండి, స్నానం చేసి బట్టలు మార్చుకోవడానికి నాలుగు గంటలకు నా దగ్గర 2,500 తీసుకున్నారు. నా పెన్షన్లో అదెంత భాగమో మీకు తెలుసు. అన్నీ ఇలాగే ఉన్నాయనడం లేదు. 1985లో కొండమీద మొదలైన నిత్యాన్నదానం ఈ రోజుకీ నడుస్తూనే ఉంది. 2025 సెప్టెంబరు 25న ఉపరాష్ట్రపతి, ముఖ్యమంత్రి కలిసి ప్రారంభించిన వెంకటాద్రి నిలయంలో ముందస్తు బుకింగు లేని 4,000 మందికి బస. ఇది నాకు నచ్చింది. ఫోనులో ఓటీపీ కొట్టలేని ముసలివాళ్లు, చదువురాని వాళ్లు నేరుగా వచ్చి పడుకోవచ్చు. కట్టదలచుకుంటే ఇలాంటివి కట్టాలి. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు పోయారు. వాళ్లంతా టోకెను కోసం గంటల తరబడి కాచుకున్న మామూలు యాత్రికులు. ఆ రాత్రి ఊరికి కొరత పడింది అయిదు నక్షత్రాల గదులు కావు. మనిషి నాలుగు గంటలు భద్రంగా కూర్చునే చోటు, తాగడానికి నీళ్లు, తోసుకోకుండా లోపలికి పోయే దారి.

పక్క రాష్ట్రంలో ఏం చేశారో చూడండి. ఊటీ, కొడైకెనాల్ కిక్కిరిసిపోతుంటే మద్రాసు హైకోర్టు 2024 మే 7 నుంచి ఈ-పాసు పెట్టించింది. ఆ కొండలు ఎన్ని బండ్లను మోయగలవో నిపుణులతో లెక్క తీయించమంది. 2025 ఏప్రిల్ నుంచి ఊటీకి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని ఆదివారాల్లో 8,000 అని హద్దు గీసింది. అక్కడి వ్యాపారులు గగ్గోలు పెట్టారు, ఇబ్బందులూ ఉన్నాయి. కాని ముందు మోయగలిగినది ఎంతో లెక్క తీయాలన్న ఆలోచన ఉంది చూశారా, అది మనకు కావాలి. దర్శనానికి టైమ్ స్లాట్ టోకెను పెట్టి మనిషిని గంటల లెక్కన పైకి పంపే ఊరు, కింద హోటలు గదులకు మాత్రం లెక్క లేదంటే ఎలా?

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. సంఘం తరఫున ఒక తీర్మానం రాసుకొచ్చాను. జిల్లా కలెక్టరు గారికి, తుడా వారికి, పర్యాటక శాఖకు, టి.టి.డి. కార్యనిర్వహణాధికారి గారికి పంపాలని నా కోరిక. అందులో అడిగినవి పెద్ద కోరికలేమీ కావు. అలిపిరి, పేరూరు, చంద్రగిరి పరిసరాల్లో కొత్త హోటలుకు అనుమతి ఇచ్చేముందు దానికి నీళ్లు ఎక్కడినుంచి, రోజుకు ఎన్ని లీటర్లు, మురుగు ఎక్కడికి అన్నది తెలుగులో రాసి మండలాఫీసుల్లో అంటించాలి. చెరువు, వంక, వరద కాలువల హద్దులు కొలిచి రాళ్లు పాతేదాకా అక్కడ ఏ కట్టడమూ, ఎవరిదైనా సరే, మొదలుపెట్టకూడదు. రాయితీ తీసుకున్న ప్రతి హోటలూ కొన్ని గదులను సామాన్యుడికి అందే ధరలో ఇవ్వాలి, ఆ ధర బోర్డు మీద రాయాలి. పాకాల, పీలేరు వైపునుంచి తెల్లవారుజామున పోయి రాత్రికి తిరిగొచ్చేలా బండ్ల సమయాలు మార్చమని రైల్వే వారికి విడిగా ఒక అర్జీ కూడా జతచేశాను. ఆ అర్జీ భాష నాది. నలభై ఏళ్లనాటి ఆఫీసు తెలుగు, కాస్త ఓర్చుకోండి.

మాటలు సరిచేయాల్సిన చోట టీచరుగా చేసిన పెద్దలు సరిచేయాలి. మా రెవెన్యూ మిత్రుడికి అభ్యంతరాలుంటే అవి కూడా కింద రాయమని కోరుతున్నాను, వాటిని కొట్టేయకుండా అలాగే పంపుదాం. కాగితం కోశాధికారి గారి బల్ల మీద ఉంది. ఫలహారాలకు లేచేముందు సంతకం, పి.పి.ఓ. నంబరు అక్కర్లేదు, ఊరి పేరు రాస్తే చాలు. వేలిముద్ర వేసేవాళ్లకు స్టాంపు ప్యాడు కూడా అక్కడే పెట్టాం.